గోడవార రెండు వేళ్లు

1వ రోజు

ఈ పుస్తకంలో కొలతలు తప్ప మరేమీ రాయకూడదు. ఆ నిబంధన పెట్టింది నేనే, కనుక మొదటిరోజే దాన్ని తప్పే హక్కూ నాకే ఉంది. ఏడో మూతి ఇవాళ వర్క్‌షాపు గడప దాటింది!

వాక్యూమ్ బండికి నేలను ఆనుకుని ఉండే భాగాన్ని, భూమి లోపల తొలిచిన మా పెద్దపాతర ఊళ్లో అందరూ మూతి అంటారు. పదకొండేళ్లుగా నా పని మూతులు చెయ్యడమే. పాత మూతికి ఉన్న రోగం ఒక్కటే. లోపల తిరిగే కుచ్చు రోలరు రెండు చివర్లా బేరింగుల మీద కూర్చుంటుంది. ఆ బేరింగు మందం, పైన డొప్ప మందం కలిపితే సరిగ్గా రెండు వేళ్లు. మూతిని గోడకు ఎంత అదిమి తోసినా ఆ రెండు వేళ్లమేర కుచ్చు తగలదు, గాలీ లాగదు. వీధి మధ్యంతా శుభ్రంగా ఉంటుంది, గోడవార మాత్రం దుమ్ము చార అలాగే పడి ఉంటుంది. గాలిగొట్టాల్లోంచి దిగే పైదుమ్ము, పౌడరు కన్నా మెత్తనిది, పోయి పోయి ఆ చారలోనే చేరుతుంది. పిల్లలు దాని పక్కనే కూర్చుని ఆడుకుంటారు. ఆరు, ఏడు, ఎనిమిది వీధుల్లో కలిపి పందొమ్మిది మంది పిల్లలకు దగ్గు పట్టుకుని వదలడం లేదని డాక్టర్ నీలోఫర్ పోయిన నెల లెక్క ఇచ్చింది.

ఏడో మూతిలో బేరింగును మధ్యకు జరిపాను. కుచ్చు రెండు వైపులా డొప్ప దాటి బయటికి వస్తుంది. పక్కన సన్నటి చీలిక, దానికి స్ప్రింగు పెదవి. గోడ తగలగానే పెదవి తెరుచుకుంటుంది, గాలి గోడ వెంబడే లోపలికి దూసుకుపోతుంది. గోడవార పది గ్రాముల దుమ్ము పోసి ఒక్కసారి తోశాం. పాత మూతి ఆరు గ్రాములు వదిలింది. ఏడోది వదిలినదాన్ని తూచడానికి మా త్రాసు చాలలేదు.

నలభై రోజులు ఆ మూడు వీధుల్లో పరీక్ష. నలభయ్యో రోజున పాతర పెద్దల సభ. సభ సరేనంటే పద్నాలుగు వీధులకూ ఇదే మూతి.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. మా ఆయన పైగేటు పనిలో పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ ఇంట్లో ఆవిడా నేనూ, ఇద్దరమే. పేరిందేవి అని డెబ్భై రెండేళ్ల మనిషి. చూపు మసక, నోరు మాత్రం మహా చురుకు.

"పదకొండేళ్లు దానికోసం మొహం ముడుచుకు కూర్చున్నావు. ఇహనన్నా నవ్వవే!" అంది.

నవ్వాను.

4వ రోజు

మూడు వీధుల గోడవారలూ తళతళలాడుతున్నాయి. వంతు ప్రకారం బండి తోసేవాళ్లు సైతం మెచ్చుకున్నారు. మామూలుగా వాళ్లు నన్ను తిట్టడానికే వర్క్‌షాపుకు వస్తారు.

డబ్బాలు తెరిచి తూచాను. ఆరో వీధి పిండిమరల వీధి కనుక అంతా తవుడూ నూకా. ఎనిమిదో వీధి మగ్గాలది, నూలు పీచు. మాది ఏడో వీధి, పచ్చళ్ల వీధి. అరవై ఏళ్లుగా ప్రతి ఇంట్లోనూ ఆవాలు దంచుతారు, కళ్లుప్పు ఆరబోస్తారు. డబ్బాలో గుప్పెళ్లకొద్దీ ఆవాలు, ఉప్పు రాళ్లు, వాటిమధ్య బూడిదలా పైదుమ్ము. అన్ని ఆవాలు మన కాళ్లకిందే ఉన్నాయా అని ఆశ్చర్యమేసింది.

"వీధి బోసిగా ఉందే" అంది అత్తయ్య అన్నం తింటూ.

"శుభ్రంగా ఉండటాన్ని బోసి అంటారా అత్తయ్యా?"

"ఏమోనే. మెళ్లో గొలుసు తీసేసినట్టుంది. కాళ్లకి గుడ్డలు చుట్టుకుని తిరిగేదానివి, నీకేం తెలుస్తది?"

గుడ్డలంటే నా సాక్సు. పాతరలో అందరూ ఉత్త కాళ్లతోనే తిరగాలి. చెప్పులు పైదుమ్మును మోసుకొస్తాయని గేటు దగ్గరే విడిపిస్తారు. వర్క్‌షాపు వాళ్లలో కొలతలు తీసే నాకొక్కదానికే సాక్సు ఇచ్చారు, పాదాల చెమట తూకంలో కలవకుండా. పొద్దున వేసుకుంటే పడుకునేదాకా తియ్యను. పదకొండేళ్లుగా అవి ఆవిడ కంట్లో నలుసులు.

9వ రోజు

ఇవాళ మధ్యాహ్నం మా వర్క్‌షాపులో లేత్ మిషను నడిపే సింగరాజు బాబాయ్ మా ఇంట్లోకి వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చుని "ఏం కూర?" అన్నాడు.

నేను నోరు తెరిచి చూస్తున్నాను. అత్తయ్య ఏమీ ఎరగనట్టు దోసావకాయ వేసి వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక గానీ ఆయన తలెత్తలేదు. తలెత్తి చుట్టూ చూసి "ఇది మా ఇల్లు కాదుటే?" అన్నాడు.

ఆయనది ఎనిమిదో వీధి, పందొమ్మిదో తలుపు. మాది ఏడో వీధి, పందొమ్మిదో తలుపు. వీధులన్నీ ఒకే యంత్రం తొలిచినవి. వెడల్పూ అదే, రంగూ అదే, ఏ వీధిలో అయినా మొదటి నుంచి పందొమ్మిదో తలుపుకు అవే అడుగులు. పైగా దీపాల పొదుపు వచ్చాక ఆరు దీపాలకు ఒక్కటే వెలుగుతోంది. నంబరు పలక చదవాలంటే ముక్కు ఆనించాలి. కానీ మూడేళ్లుగా ఆ మసకలోనే అందరం తిరుగుతున్నాం, ఒక్కరూ తప్పిపోలేదు.

"కూర బాగుంది కదా అని రోజూ రాబోకయ్యా" అంది అత్తయ్య. బాబాయ్ సిగ్గుపడుతూ మిగిలిన అన్నం కూడా తినేసి వెళ్లాడు.

13వ రోజు

నవ్వులాట ముదిరింది. ఆరో వీధి ఆవిడ పెరుగు గిన్నెను మూడు రోజులు వరసగా ఏడో వీధిలో పెట్టి వెళ్లింది. ఎనిమిదో వీధి కొత్త పెళ్లికొడుకు వేరేవాళ్ల తలుపు తాళం తియ్యబోయి తన్నులు తినబోయాడు. వాళ్లనీ వీళ్లనీ అడిగి రాసుకున్నాను. నాలుగు రోజుల్లో పదకొండు తప్పులు.

గాలి చెడిందేమోనన్నారు. గాలి కొలిచాను. బాగుంది. నీళ్లు కొలిచాను. బాగున్నాయి. డాక్టరమ్మ కొందరికి రక్తం తీసి చూసింది. అదీ బాగుంది. ఏదీ చెడలేదని తేలితే ఊరట కలగాలి. నాకు గుబులు పుడుతోంది.

17వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు.

అత్తయ్య పొద్దున కుళాయిల దగ్గరికి బిందె తీసుకుని వెళ్లింది. పావుగంట పని. రెండు గంటలైనా రాలేదు. వెతుక్కుంటూ వెళితే ఆరో వీధిలో, ఎవరిదో మెట్టు మీద, నిండు బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చీర సగం తడిసిపోయింది.

"ఇల్లు కనపళ్లేదే" అంది. "పుట్టిన వీధి, పెళ్లయి మళ్లీ అదే వీధి. ఎట్టా కనపడకపోద్దే?"

బిందె అందుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. దారంతా ఆవిడ ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు.

22వ రోజు

రెండోసారి. ఈసారి ఎనిమిదో వీధిలో. అక్కడివాళ్లే డాక్టరమ్మకు కబురు పెట్టారు.

నీలోఫర్ మంచి మనిషే. మా ఇంటికొచ్చి నేలమీద కూర్చుని, అత్తయ్య చెయ్యి తన చేతిలోకి తీసుకుని అడిగింది. "పెద్దమ్మా, మీ పెళ్లెప్పుడు? మీ ఆయన పేరు? దోసావకాయకి పాళ్లెంత?" అత్తయ్య అన్నీ చెప్పింది. పాళ్లయితే నూనె కాగే వాసనతో సహా చెప్పింది.

"మరి ఇల్లెందుకు తప్పారు పెద్దమ్మా?"

"అదే నాకూ తెలవట్లా తల్లీ."

బయటికొచ్చాక డాక్టరమ్మ నాతో నెమ్మదిగా చెప్పింది. "హైమ గారూ, నిబంధన మీకు తెలుసుగా. అరవై దాటినవాళ్లు మూడుసార్లు ఇల్లు తప్పితే ఆదరువుకు పంపాలి. మొన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు రాశాను. సభ నాటికి పెద్దమ్మ సంగతి ఎలాగూ తేల్చి చెప్పాలి."

ఆదరువు అంటే ఆసుపత్రి పక్కన పెద్ద గది. వేళకు అన్నం పెడతారు, మంచిగా మాట్లాడతారు, తలుపుకు బయటినుంచి గడియ పెడతారు. అక్కడికి వెళ్లి తిరిగొచ్చిన మనిషిని నేను చూడలేదు. సింగరాజు బాబాయ్‌కి యాభై ఆరు. ఆయన తప్పిపోతే నవ్వారు. మా అత్తయ్య తప్పిపోతే పుస్తకంలో రాశారు. ఇదెక్కడి న్యాయం?

ఆవిడ లోపల వింటూనే ఉంది. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుంది.

26వ రోజు

తప్పిన వాళ్ల పట్టిక మళ్లీ మళ్లీ చూశాను. ఇప్పటికి ముప్పై నాలుగు మంది. అందరూ ఆరు, ఏడు, ఎనిమిది వీధులవాళ్లే. అంటే నా మూతి తిరుగుతున్న మూడు వీధులు.

అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాశాను కదా, ఇక చెప్పు హైమవతీ, నేల శుభ్రంగా ఉంటే మనిషి దారి ఎందుకు తప్పుతాడు? దుమ్ములో దారి రాసి ఉంటుందా?

మోటారు కూత చెవులకు పడటం లేదేమోనని సైలెన్సరు బిగించాను. తేడా లేదు. మూతి రబ్బరు వాసనేమోనని రబ్బరు మార్చాను. తేడా లేదు. అసలు నేనెందుకు తప్పడం లేదో అదీ తెలియదు. నేనూ ఏడో వీధే కదా! నేను తలుపులు లెక్కపెట్టుకుంటూ, పలకలు చదువుకుంటూ నడుస్తాను, అది నా వృత్తి రోగం. మిగతావాళ్లు లెక్కపెట్టరా? అడిగాను. ఒక్కరూ లెక్కపెట్టరట. మరి ఇంటికెలా వెళతారంటే "ఎట్టా ఏంది, నడిచి" అన్నారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

29వ రోజు

అత్తయ్య బయటికి రానంది. బతిమాలి తీసుకెళ్లాను. "మీరు ముందు నడవండి, నేను వెనక ఉంటాను" అన్నాను.

వీధులన్నీ వచ్చి కలిసే పెద్దబాట మధ్యలో తోపుడు బండ్లు తిరుగుతాయి కనుక మనుషులందరూ గోడవారే నడుస్తారు. ఆవిడా గోడనానుకునే నడిచింది. ఆరో వీధి మొదట్లో ఆగింది. ఏడో వీధి మొదట్లో ఆగింది. ఆగినప్పుడల్లా కుడికాలి బొటనవేలు నేల మీద అటూ ఇటూ ఆడింది.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?"

"నేనేం వెతకట్లేదే."

"కాలితో నేలను రాస్తున్నారు."

ఆవిడ కాలివైపు వింతగా చూసుకుంది. "నేనా? ఎప్పుడు?"

నాకు అర్థం కాలేదు, ఆవిడకీ అర్థం కాలేదు. ఇద్దరం అలా నిలబడి ఆ వేలినే చూశాం. తోపుడు బండివాడు గంట కొట్టి తిట్టాడు.

33వ రోజు

అత్తయ్య ఈమధ్య కుదురుగా కూర్చోలేకపోతోంది. కనపడిందల్లా ఉతుకుతోంది. ఇవాళ నా సాక్సులు రెండు జతలూ నానబెట్టేసింది. ఆవిడ మొహం చూసి కోప్పడలేకపోయాను. పదకొండేళ్ల తరవాత ఉత్త కాళ్లతో పనికి బయల్దేరాను.

వర్క్‌షాపు అయిదో వీధి చివర ఉంది. పెద్దబాట గోడవార నడుస్తూ, బుర్రలో స్ప్రింగు లెక్క తిప్పుకుంటూ, పలకలు చూడటం మరిచిపోయాను. ఒకచోట అరికాలికి గరుగ్గా ఏదో గుచ్చుకుంది. చెక్క పెచ్చు. ఆ పక్కనే మరోటి, వాటిచుట్టూ రంపపు పొట్టు. కాలు దానంతటదే ఎడమకు తిరిగింది. తలెత్తితే అయిదో వీధి.

వడ్రంగుల వీధి. పాత మూతి తిరుగుతున్న వీధి!

అక్కడే నిలబడిపోయాను. పరిగెత్తుకెళ్లి సింగరాజు బాబాయ్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "కళ్లకు గంతలు కట్టు, వీధి వీధికీ తిప్పు, ఏ వీధో నన్నడుగు" అన్నాను. నాకు పిచ్చెక్కిందనుకున్నాడు గానీ కట్టాడు.

కొలతలు ఇవి. నార, నాలుగో వీధి. ఇటుక రవ్వ, మూడో వీధి. బొగ్గు పలుకులు, పదో వీధి. వడ్రంగి పొట్టు, అయిదో వీధి. నాలుగుకు నాలుగూ ఒప్పు. పదకొండేళ్లు సాక్సుల్లో దాక్కున్న పాదాలే ఇంత పని చేశాయి. తరవాత ఆరు, ఏడు, ఎనిమిది. గాజు మీద నిలబడ్డట్టుంది. మూడుకు మూడూ తప్పు. మా సొంత వీధిని ఎనిమిదోది అన్నాను.

గంతలు బాబాయ్‌కి కట్టాను. ఆయన తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు, నా మూతి తిరిగే మూడు వీధుల దగ్గర తప్ప. గంతలు విప్పాక తన అరికాలు ఎత్తి చూసుకున్నాడు.

"మా అమ్మ తోడు, యాభై ఆరేళ్లుగా ఇట్టా నడుస్తున్నానని నాకే తెలీదే అమ్మాయ్."

ఎవరికీ తెలియదు. మనిషికి తెలియకుండా కాలు ఇల్లు చేరుస్తోంది, ఆ కాలి కింద గుర్తును నేను ఊడ్చేశాను. పదకొండేళ్లు కష్టపడి మరీ ఊడ్చేశాను. దొంగ దొరికింది, చూస్తే నేనే.

34వ రోజు

డాక్టర్ నీలోఫర్ అంతా విని, తన పుస్తకం తెరిచి నావైపు తిప్పింది. దగ్గుతున్న పిల్లలు అప్పుడు పందొమ్మిది మంది. ఇప్పుడు ఆరుగురు.

"మీ మూతి తీసెయ్యమని నేను చచ్చినా చెప్పను" అంది.

"నేనూ చెప్పను. మా అత్తయ్యకు మతి పోలేదని చెబుతున్నాను."

"హైమ గారూ, మీరు కోడలు. మీకు అలా అనిపించడం సహజం. మిగతావాళ్లు పొరపాటున తప్పుంటారు, పెద్దమ్మ నిజంగానే మరిచిపోయి ఉండొచ్చు. రెండూ ఒకేసారి జరగకూడదని ఉందా?"

మళ్లీ డాక్టరమ్మే ఒక ఉపాయం చెప్పింది. "ఏడో వీధి దుమ్మును ఎనిమిదో వీధిలో పోయండి. పెద్దమ్మకు చెప్పకండి. మీరన్నది నిజమైతే ఆవిడ ఎనిమిదో వీధికే వెళ్లాలి, అదే తన ఇల్లనుకోవాలి. అప్పుడు రెండు గుర్తులూ కొట్టేస్తాను. దారిలో ఎక్కడ తెల్లమొహం వేసుకుని నిలబడిపోయినా మూడోది రాస్తాను. తరవాత నన్ను తిట్టకూడదు."

అంటే అత్తయ్య బాగుందని చూపించాలంటే సభ ముందు ఆవిడను నేనే దారి తప్పించాలి. తప్పించబోయి పొరబడితే ఆదరువు. సరేనన్నాను.

37వ రోజు

దుమ్మును ఉన్నదున్నట్టు పొయ్యలేం, పైదుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. జల్లెడ పట్టాను. పైదుమ్ము ఆవాలకు అంటుకుని వదలడం లేదు. అత్తయ్యను వర్క్‌షాపుకు తీసుకొచ్చి డబ్బా చూపించాను. పరీక్షకు కావాలని చెప్పాను, అబద్ధం కాదు.

"ఓయమ్మ, మన ఆవాలే!" అంది. ఇరవై రోజుల తరవాత ఆ మొహంలో కళ చూశాను. "జల్లెడతో అయ్యే పనిటే ఇది? చేట తే."

ఏడో మూతిని బల్లమీద పెట్టి ఆన్ చేశాను. దాని ఎదురుగా కూర్చుని ఆవిడ చెరగడం మొదలుపెట్టింది. చేట ఎగిరినప్పుడల్లా మెత్తటి దుమ్ము ముందుకు లేచి మూతిలోకి పోయింది, ఆవాలూ ఉప్పూ వెనక్కి వచ్చి ఆవిడ ఒళ్లోకి జరిగాయి. ఒక్క గింజ పోలేదు. చూపు మసక మనిషి, చేతులు చూస్తే ముచ్చటేసింది.

నేను గాలికొలత తెచ్చి చేట ముందు పెట్టాను. దుమ్మును లేపి ఆవగింజను లేపని గాలి ఎంతో రాసుకున్నాను. పెదవి చీలికను మూడో వంతుకు తగ్గిస్తే సరిగ్గా అంత గాలే వస్తుంది. పదకొండేళ్లు నేను గాలి పెంచడమెలాగని మాత్రమే ఆలోచించాను. సిగ్గేసింది.

"ఇదంతా దేనికే?" అంది చేట దులుపుతూ.

"సభ అయ్యాక చెబుతానత్తయ్యా."

"అప్పటికి నేనుంటానా ఇంట్లో?" అంది. నేను వినపడనట్టు డబ్బా మూత బిగించాను.

39వ రోజు

నిన్న మూడు వీధుల్లోనూ బండి ఆపించాం. ఇవాళ సింగరాజు బాబాయ్, నేను ఎనిమిదో వీధి మొదటి నుంచి పందొమ్మిదో తలుపు దాకా గోడవార రెండు వేళ్ల వెడల్పున ఆవాలూ ఉప్పూ పోశాం. ఆ వీధివాళ్లు తలుపుల్లో నిలబడి "నెలరోజులు ఊడ్చి ఇప్పుడు మళ్లీ పోస్తున్నారా? మీకు తిన్నదరగట్లేదా?" అన్నారు. బాబాయ్ నావైపు చూపించి "అమ్మగారి పరిశోధన" అన్నాడు. ఏడో వీధిని అలాగే నున్నగా వదిలేశాం.

40వ రోజు

సభ వాళ్లు ఏడుగురు, డాక్టరమ్మ, మూడు వీధుల జనం పెద్దబాటకు అవతలి గోడవార నిలబడ్డారు. ఎవరూ మాట్లాడకూడదని నీలోఫర్ గట్టిగా చెప్పింది. అత్తయ్య కుళాయిల దగ్గర బిందె నింపుకుంది.

"ఒక్కదాన్నే పోవాలా?" అంది.

"ఒక్కరే వెళ్లాలత్తయ్యా. నేను వెనకనే ఉంటాను."

"తప్పితే?"

"తప్పరు" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు.

బయల్దేరింది. అయిదో వీధి మొదట్లో కాలు ఆడించి, పొట్టు తగలగానే ఆగకుండా దాటేసింది. ఆరో వీధి దగ్గర ఆగింది. బొటనవేలు అటూ ఇటూ ఆడింది. ముందుకు కదిలింది. ఏడో వీధి వచ్చింది.

తన సొంత వీధి. పుట్టిన వీధి. అక్కడ ఆగి, నేలను తడిమి, మొహం అటు తిప్పి ఆ మసకలోకి చూసింది. చాలాసేపు చూసింది. నీలోఫర్ పెన్ను మూత తీయడం నాకు వినిపించింది. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి. ఏం చెప్పుకుంటోందో నాకు తెలియదు. ఆఖరికి ఆవిడ తల అడ్డంగా ఊపి, బిందె సర్దుకుని, తన ఇంటిని దాటి ముందుకెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. నేను కోరుకున్నదే జరిగింది, అయినా ఏడుపొచ్చింది.

ఎనిమిదో వీధి మొదట్లో కాలు పడింది. ఆగిపోయింది. వేళ్లు ముడుచుకుని విచ్చుకున్నాయి. భుజాలు దిగాయి. నలభై రోజుల్లో నేను చూడని నడకతో గిరుక్కున తిరిగి, తలెత్తకుండా, ఎవరినీ అడగకుండా, చకచకా నడిచి పందొమ్మిదో తలుపు ముందు బిందె దించింది.

"ఏమేవ్ హైమా, తలుపు తియ్యి! చెయ్యి పడిపోతంది!"

తలుపు తెరుచుకుంది. లోపల సింగరాజు బాబాయ్, భుజం మీద తువ్వాలుతో.

అత్తయ్య ఆయన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏందయ్యా, మళ్లీ మా ఇంటికొచ్చావా? నీకు రోజూ ఇదే పనా?"

మా వెనకే వచ్చిన జనం గొల్లుమన్నారు. బాబాయ్ నవ్వబోయి నవ్వలేక తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. డాక్టర్ నీలోఫర్ మాత్రం నవ్వలేదు. పుస్తకం గోడకు ఆనించి, రెండు గుర్తులూ కొట్టేసి, కింద సంతకం పెట్టింది. తరవాత వంగి నేలమీద రెండు ఆవగింజలు తీసుకుని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

నేను అత్తయ్య దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఇది ఎనిమిదో వీధి అని, ఆవాలు నేనే పోశానని, అసలు వాటిని ఊడ్చిందీ నేనేనని. కొడుతుందనుకున్నాను. ఆవిడ నా మాట సగమే విన్నట్టుంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"అయితే నాకు మతి పోలేదా?"

"పోలేదత్తయ్యా."

"నిజంగా చెప్పవే. పోలేదా? రోజూ పొద్దున్నే లేచి మీ మామ పేరు, నా కొడుకు పేరు, నీ పేరు, పచ్చళ్ల పాళ్లు, అన్నీ పైకి చెప్పుకుంటన్నానే. ఏది పోయిందో చూసుకుందామని. అన్నీ ఉన్నయ్యి. ఇల్లొక్కటే లేదు. ఇందాక మళ్లీ అన్నీ చెప్పుకున్నా."

"మీకేం పోలేదు. నేనే తీసేశాను."

అప్పుడు కూర్చుంది, ఆ మెట్టు మీదే, మోకాళ్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఇరవై మూడు రోజుల ఏడుపు. నేను పక్కన కూర్చున్నాను. సభ వాళ్లు కాసేపు దిక్కులు చూసి, మెల్లగా వెళ్లిపోయారు.

53వ రోజు

సభ తీర్పు ప్రకారం పద్నాలుగు వీధులకూ పెదవి చీలిక తగ్గించిన ఎనిమిదో మూతి. అది వచ్చేదాకా, ఏడో మూతి లాగేసినదాన్ని చెరిగి ఆ మూడు వీధుల్లోనూ తిరిగి పోసే పని పేరిందేవి గారిది. ఆవిడకు ఆరుగురు మనుషుల్ని ఇచ్చారు. ఆరుగురినీ చేట పట్టడం రాదని తిడుతోంది. అరవై ఏళ్ల నిబంధన మార్చమని డాక్టరమ్మే సభకు కాగితం రాసింది.

ఎనిమిదో మూతి, మొదటి కొలత. గోడవార పది గ్రాములు పోశాం. ఆరు మిగిలాయి. పాత మూతికీ ఆరే, కానీ ఈ ఆరులో పైదుమ్ము చిటికెడు కూడా లేదు. పాస్.

సాక్సులు తిరిగి ఇచ్చేశాను. అరికాళ్లు ఇంకా మండుతున్నాయి. ఉప్పు రాళ్ల మీద నడక నాకు కొత్త.

పొద్దున అత్తయ్య బిందె తీసుకుని ఒక్కతే కుళాయిలకు వెళ్లింది. వెంట రాబోతే కసిరింది. నేను తలుపులో నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అలవాటు పోదు కదా. తొమ్మిది వందల దాకా వచ్చాను. వీధి మొదట్లో మసకలో ఒక ఆకారం గోడనానుకుని తిరిగింది. అడుగులు తడబడలేదు.

"గుడ్లప్పగించి ఏం చూస్తన్నావే? బిందె అందుకో" అంది.

అందుకున్నాను.